స్విచ్చుల యోగక్షేమాలు

ఉభయకుశలోపరి అని ప్రారంభించకుండా మన పెద్దలు ఉత్తరం వ్రాసి ఎరుగరు. “ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరందరు క్షేమమని తలంతుము” అన్న వాక్యం పూర్తయిన తరువాతనే పంట సంగతి, పెండ్లి సంగతి, అప్పు సంగతి వచ్చేవి. ఉర్దూలో వ్రాసుకొనే ఇండ్లలోనూ ఇదే మర్యాద. “యహాఁ ఖైరియత్ హై, ఆప్ కీ ఖైరియత్ నేక్ మత్లూబ్ హై” అన్న పిమ్మటనే అసలు విషయం. భాషలు రెండైనా వాటి వెనుకనున్న ఎరుక ఒక్కటే. దూరాన ఉన్నవారి క్షేమం మనకు దానంతట అది తెలియదు. అడగాలి, అడిగి జవాబు కొరకు వేచి ఉండాలి.

ఉత్తరాలు అరుదైపోయిన ఈ రోజులలో ఆ మర్యాదను యంత్రాలు నిష్ఠగా పాటిస్తున్నాయంటే పాఠకులకు వింతగా తోచవచ్చు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్చులను రేయింబవళ్లు “క్షేమమా?” అని అడిగే పద్ధతి ఒకటి ఉన్నది. దాని పేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. పేరు దీర్ఘం గనుక ఈ రంగంలోనివారు ఎస్.ఎన్.ఎం.పి. అంటారు. దానిని గూర్చి, ఆ క్షేమసమాచారం మా చక్రాయపేట వంటి మండలానికి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతున్నదో దానిని గూర్చి, మాకు తెలిసిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

మేము పుట్టి పెరిగినది కడప జిల్లా చక్రాయపేట మండలంలో. పాపఘ్ని నది కొండలను చీల్చుకొని బయటపడే గండి క్షేత్రం మా మండలంలోనిదే. 1885లో వనారస గోవిందరావు గారి నాటక సమాజానికి పురుడు పోసి, దానికి తన పేరునే ఇచ్చిన సురభి గ్రామమూ మాదే. సురభివారి నాటకం చూచినవారికి తెలుసు: తెర ముందు ఆకాశం నుండి పుష్పకం దిగుతుంది, కన్నుమూసి తెరిచేలోగా పాత్ర మాయమవుతుంది. తెర వెనుక మాత్రం తాళ్లు లాగేవారు, కప్పీలు తిప్పేవారు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. వారి పని సక్రమంగా జరిగినంత కాలం వారున్నారన్న సంగతే ప్రేక్షకునికి గుర్తుకు రాదు. తాడు తెగిన నాడే వారి ఉనికి తెలిసేది. జీవనోపాధి కొరకు మేము చేపట్టిన నెట్‌వర్కుల నిర్వహణ కూడా ఇట్టి తెర వెనుక వ్యవహారమే.

స్విచ్చు అనగానే గోడమీది దీపపు మీట గుర్తుకు రావడం సహజం. ఇది అది కాదు. ఎనిమిదో, ఇరవై నాలుగో, నలభై ఎనిమిదో ద్వారాలు గల చదునైన ఇనుప పెట్టె ఇది. ప్రతి ద్వారానికి ఒక తీగ. ఒక తీగవెంట వచ్చిన సమాచారపు మూటమీది చిరునామా చదివి, అది ఏ ద్వారం గుండా పోవలెనో ఆ ద్వారం గుండా పంపడం దీని పని. రైల్వే జంక్షనులో బండిని ఒక పట్టా మీదినుండి మరొక పట్టా మీదికి మళ్లించే పనివాని వంటిది. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్లు, బ్యాంకులోని యంత్రాలు, తహసీల్దారు కార్యాలయంలోని భూమి లెక్కలు అన్నీ ఇట్టి పెట్టెల గుండానే బయటి లోకంతో మాటలాడుతాయి. ఒక్క పెట్టె ఆగిపోతే దానిమీద ఆధారపడిన వారందరికీ లోకం ఆగిపోయినట్టే.

పెట్టెలు నాలుగు ఉన్నప్పుడు వాటిని కంటితో చూచుకొనవచ్చు. నాలుగు వందలైతే? 1980వ దశకంలో అమెరికాలోని విశ్వవిద్యాలయాలను కలుపుతూ ఇంటర్నెట్టు పెరుగుతున్నప్పుడు ఎదురైన చిక్కు ఇదే. మన దేశంలో విద్యాసంస్థల కొరకు ఎర్నెట్ 1986లో ఆరంభమైంది. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు అందినది 1995 ఆగస్టు 15న. వాడుకరి ఫోను చేసి మొర పెట్టుకొంటే తప్ప యంత్రం చెడిన సంగతి తెలియని స్థితి అది. 1987 నవంబరులో జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు కలిసి, నెట్‌వర్కుల కూడలిలోని యంత్రాలను దూరం నుండే పలకరించే ఒక పద్ధతిని ప్రకటించినారు. దానినే సంస్కరించి 1988 ఆగస్టులో ఎస్.ఎన్.ఎం.పి.గా వెలువరించినారు. 1990 మే నెలలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 1157 అనే పత్రం దానికి స్థిరరూపం ఇచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. 1988లో ఇంటర్నెట్టు వ్యవహారాల పెద్దలు కూర్చొని, ఎస్.ఎన్.ఎం.పి.ని తాత్కాలికంగా వాడుకొందాము, కొంత కాలానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థవారి విస్తారమైన పద్ధతికి మారుదామని తీర్మానించినారు. ఆ విస్తారమైన పద్ధతి అమలు చేయడం బరువై సామాన్య యంత్రాలకు అందలేదు. తాత్కాలికమన్నదే నిలిచిపోయింది. మూడున్నర దశాబ్దాలు గడిచినా, నిర్వహణకు అనువుగా తయారైన స్విచ్చు ఏ కంపెనీదైనా, ఏ దేశానిదైనా, ఈ పలకరింపుకు బదులు పలుకుతూనే ఉన్నది. పేరులోని సింపుల్ అన్న మాటయే దాని ఆయుర్దాయం.

ఈ పద్ధతిలో పాత్రలు ఇద్దరు. అడిగేవాడు మేనేజరు, వాడు కేంద్రస్థానంలో ఒక కంప్యూటరులో కూర్చొని ఉంటాడు. చెప్పేవాడు ఏజెంటు, వాడు ప్రతి స్విచ్చులోను నివసించే చిన్న ప్రోగ్రాము. ఏమి అడగవచ్చునో ముందే వ్రాసి పెట్టిన పట్టిక ఒకటి ఉన్నది. దానిని మిబ్ అంటారు. 1991 మార్చిలో వచ్చిన రెండవ మిబ్ నేటికీ మూలాధారం. పట్టికలోని ప్రతి విషయానికి అంకెల చిరునామా ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, వీధి, ఇంటి నంబరు అని మనం వరుసగా వ్రాసినట్లే 1.3.6.1.2.1.2.2.1.8.5 అని వ్రాస్తారు. మొదటి 1 అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. నాలుగవ స్థానంలోని 1 ఇంటర్నెట్టు. ఐదవ స్థానంలోని 2 నిర్వహణ. చివరనున్న 8 ద్వారం పని చేస్తున్నదా లేదా అన్న ప్రశ్న. 5 అన్నది ఐదవ ద్వారం. జవాబుగా 1 వస్తే ద్వారం పని చేస్తున్నది, 2 వస్తే లేదు. ఇంత పెద్ద చిరునామాకు ఒక్క అంకె జవాబు!

సంభాషణలోని క్రియలు కూడా స్వల్పమే. తొలి రూపంలో అవి ఐదు. ఇది చెప్పు అనడం, దీని తరువాతిది చెప్పు అనడం, ఇది మార్చు అనడం, అడిగినదానికి బదులివ్వడం, అడగకుండానే మొర పెట్టుకోవడం. ఈ మొరను ట్రాప్ అంటారు. ప్రశ్నలు స్విచ్చులోని 161వ వాకిలికి వస్తాయి, మొరలు మేనేజరు 162వ వాకిలికి పోతాయి. ఇవన్నీ పోస్టుకార్డుల వంటివి, రిజిస్టరు ఉత్తరాలు కావు. చేరినట్లు రసీదు రాదు. కార్డు దారిలో పోతే పోయినట్టే. అడిగేవాడు మరల అడుగుతాడు. ఖర్చు తక్కువ గనుకనే వందలాది స్విచ్చులను ఐదు నిమిషాలకొకసారి, అనగా దినానికి 288 మార్లు, అడగగలుగుతున్నాము.

ఒక ద్వారం గుండా ఎంత సమాచారం పోతున్నదో తెలుసుకొనే తీరు ఇంటి కరెంటు మీటరును పోలి ఉంటుంది. స్విచ్చులోని లెక్కింపు అంకె పెరుగుతూ పోవడమే తప్ప తగ్గదు. ఇప్పటి రీడింగు నుండి ఐదు నిమిషాల క్రిందటి రీడింగు తీసివేస్తే ఆ ఐదు నిమిషాల వాడకం తేలుతుంది. అయితే మీటరులో అంకెలు నిండితే మరల సున్నాకు వచ్చినట్లే ఇక్కడా జరుగుతుంది. పాత లెక్కింపు 32 బిట్లది. 4,29,49,67,296 బైట్లు కాగానే తిరిగి సున్నా. సెకనుకు 100 మెగాబిట్ల తీగ నిండుగా పారితే ఐదున్నర నిమిషాలు దాటగానే అంకె తిరిగిపోతుంది. ఒక గిగాబిట్ తీగలో 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకొకసారి చూచేవానికి అన్ని మార్లు తిరిగినదన్న సంగతే తెలియదు. నిండా పారుతున్న కాలువ ఎండినట్లు కనిపిస్తుంది. అందువలననే తరువాత 64 బిట్ల లెక్కింపు వచ్చింది. అదే గిగాబిట్ వేగంతో అది సున్నాకు రావడానికి నాలుగు వేల ఏండ్లకు పైగా పడుతుంది. మీటరు చూడడం ఎంత ముఖ్యమో, ఏ మీటరు చూడవలెనో తెలియడమూ అంతే ముఖ్యమని దీనివలన గ్రహించవలసి ఉన్నది.

ఈ అంకెలను బొమ్మగా గీచి లోకానికి చూపినవాడు టోబియాస్ ఓటికర్ అనే యువకుడు. 1995లో ఆయన ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. అక్కడ వేయికి పైగా కంప్యూటర్లకు బయటి లోకంతో ఉన్న దారి సెకనుకు 64 కిలోబిట్లది ఒక్కటే. ఆ సన్నని దారి ఎప్పుడు కిక్కిరిసి ఉన్నదో, ఎప్పుడు ఖాళీగా ఉన్నదో అందరూ చూచుకొనేందుకు ఆయన ఎం.ఆర్.టి.జి. అనే ప్రోగ్రాము వ్రాసినాడు. ఐదు నిమిషాలకొకసారి ఎస్.ఎన్.ఎం.పి. ద్వారా అడిగి, వచ్చిన అంకెను గీతగా గీయడం దాని పని. ఉచితంగా పంచిపెట్టగా అది దేశదేశాలకు వ్యాపించింది. పుష్కలంగా ఉన్నచోట పుట్టని పనిముట్టు కొరతలో పుట్టింది. కరవు సీమవారమైన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఒకమారు సెలవులలో మేము ఊరికి పోయినప్పుడు, మాకు పెద్దనాయన వరుస అయ్యే ఒక వృద్ధుడు రచ్చబండ మీద పలకరించినారు. ఒకప్పుడు చెరువు తూము తీసి కట్టి, కాలువ వెంబడి తిరిగి నీళ్లు పంచిన నీరుగంటి ఆయన.

“పట్నంలో నీ పని ఏందబ్బీ?” అని అడిగినారు.

“ఊరూరా ఉండే పెట్టెలను ఐదు నిమిషాలకొకసారి బాగుండావా అని అడిగేది, పెద్దనాయనా. పలికితే సరే. పలక్కపోతే మనిషిని పంపిస్తాం” అన్నాము.

ఆయన కొంతసేపు ఊరకుండి, “అదే చెడిపోతే అదే అరిచి చెప్పదా?” అన్నారు.

“చెప్తాది. కానీ అరిచేదానికి గొంతు ఉండల్ల గదా.”

“ఆ మాట నిజమే. తెగిన కాలువ వచ్చి నాకేమన్నా చెప్పిందా? నేనే పొయ్యి చూస్తాంటి” అన్నారు.

ఎస్.ఎన్.ఎం.పి. గ్రంథాలలో పుటలకు పుటలు వివరించిన విషయం ఆ ఒక్క మాటలో ఉన్నది. మొరను మాత్రమే నమ్ముకొనరాదు. ద్వారం మూతపడితే స్విచ్చు ట్రాప్ పంపుతుంది. అయితే కేంద్రానికి పోయే దారి ఆ ద్వారమే అయితే మొర ఏ దారిన పోవాలి? కరెంటు పోయిన పెట్టె ఏ నోటితో చెప్పాలి? 1993లో వచ్చిన రెండవ రూపంలో, అందినట్లు బదులు కోరే మొరను కూడా చేర్చినారు. అయినా దారి తెగినప్పుడు దానికీ దిక్కు లేదు. కనుక అడగడమే ప్రధానం, మొర దానికి తోడు. ఆపదలో ఉన్నవాడు తానే వచ్చి చెప్పుకొంటాడని ఊరకుండడం యంత్రాల విషయంలోనే చెల్లదు. మనుష్యుల విషయంలో అసలే చెల్లదు.

జవాబు రాకపోవడాన్ని అర్థం చేసుకోవడంలోనూ నీరుగంటి విద్య పనికి వస్తుంది. కాలువ చివరి మడికి నీళ్లు రాలేదంటే ఆయన ఆ మడి దగ్గర త్రవ్వడు. తూము నుండి మొదలుపెట్టి దిగువకు నడిచి, ఎక్కడివరకు నీరు ఉన్నదో, ఎక్కడినుండి లేదో చూస్తాడు. అదే విధంగా ఒక మండలంలో ఇరవై స్విచ్చులు ఒక్కసారిగా పలకకపోతే, ఇరవై చెడినవని అనుకోరాదు. వాటన్నిటికి ఎగువనున్న ఒక్కటి చెడి ఉంటుంది. పలికిన చివరిదానికి, పలకని మొదటిదానికి నడుమనే దోషం.

స్విచ్చు ఎంత కాలంగా మేలుకొని ఉన్నదో చెప్పే అంకె మరొకటి ఉన్నది. సెకనులో నూరవ వంతు చొప్పున అది లెక్క పెడుతుంది. 497 దినాలకు తిరిగి సున్నాకు వస్తుంది. అంతకు ముందే అంకె పడిపోయిందంటే పెట్టె ఆగి మరల లేచినదన్న మాట. నిన్న మూడు మార్లు, ఈ దినం ఐదు మార్లు పడిపోయిందంటే అక్కడి కరెంటు సంగతి విచారించవలసిందే. గాజుతీగల నెట్‌వర్కులలో ఇంటి చివరనుండే పరికరాలు కొన్నింటికి మరొక గుణం ఉన్నది. కరెంటు పోయిన క్షణంలో, లోపల మిగిలిన కొద్దిపాటి శక్తితో “పోతున్నాను” అని ఒక్క మాట ఎగువకు చెప్పి కన్ను మూస్తాయి. ఆ మాట వినిపిస్తే కరెంటు పోయినదని, వినిపించకుండా మౌనం వస్తే తీగ తెగినదని ఊహించవచ్చు. మొదటిదానికి లైన్‌మన్‌తో మాటలాడాలి, రెండవదానికి తీగ అతికేవానిని పంపాలి. చివరి శ్వాస అని పిలిచే ఆ ఒక్క సంకేతం వలన ఒక మనిషికి ముప్పై మైళ్ల వృథా ప్రయాణం తప్పుతుంది.

ఇదంతా ఎవరి కొరకు? ఒక ఉదంతం చెప్పక తప్పదు. మా ప్రాంతంలో ధ్రువపత్రాలు ఇచ్చే ఒక సేవాకేంద్రం ఉన్నది. దాని పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు దగ్గరపడిన రోజులలో ఒక పల్లె నుండి ఒక విద్యార్థిని ఆదాయ ధ్రువపత్రం కొరకు తండ్రితో కూడ బస్సెక్కి వచ్చింది. “నెట్ లేదమ్మా, రేపు రా” అన్నారు. మరునాడు వచ్చింది, వస్తూ పోతూ ఉన్నది, పత్రం సగంలో ఆగిపోయింది. మూడవనాడు అదే మాట. తండ్రికి మూడు రోజుల కూలి పోయింది. గడువు దాటింది. అర్జీలతో తిరిగి తిరిగి విసిగి, ఆ సంవత్సరం ఫీజు అప్పు చేసి కట్టినారు.

తరువాత కొన్నాళ్లకు పరిచయస్థులు పిలువగా మేము అక్కడి స్విచ్చును చూచినాము. అది పలుకగల స్విచ్చే. లోపల ఏజెంటు మేలుకొనే ఉన్నాడు. బయటి లోకానికి పోయే ద్వారంలో చెడిన మూటల లెక్క అడిగితే లక్షలలో వచ్చింది. పది నిమిషాల తరువాత మరల అడిగితే వేలకొద్దీ పెరిగి ఉన్నది. బీరువా తలుపు మూసినప్పుడల్లా గాజుతీగ నొక్కుకొని మడత పడి ఉన్నది. దానిని సరిచేయగానే అంకె పెరగడం ఆగిపోయింది. అంతకు మించిన మరమ్మతు లేదు. ఆ అంకె ఎన్ని వారాల నుండి పెరుగుతున్నదో! చెప్పడానికి స్విచ్చు సిద్ధంగానే ఉన్నది, దానిని అడిగినవారే లేరు. అడిగే ఏర్పాటు ఒకటి ఉండి ఉంటే ఆ బాలిక రాక ముందే ఎవరో ఒకరు వచ్చి తలుపు సంగతి చూచేవారు. ఒక ఆదాయ ధ్రువపత్రం ఒక అంకె మీద వ్రేలాడుతున్నదని ఆనాడు మాకు బోధపడినంతగా ఏ గ్రంథం చదివినా బోధపడలేదు.

గ్రామాలకు గాజుతీగలు చేర్చే ప్రయత్నం మన దేశంలో సామాన్యమైనది కాదు. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను కలిపే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు జాతికి అంకితం చేసినారు. నేలలో పాతడానికి కాలము, ధనము ఎక్కువ గనుక అక్కడ తీగను అధికభాగం కరెంటు స్తంభాల మీదుగా ఇరవై వేల కిలోమీటర్లకు పైగా లాగినారు. నెట్‌వర్కు నిర్వహణ కేంద్రం విశాఖపట్టణంలో ఉన్నది. స్తంభాల మీది తీగకు గాలివాన, ఎత్తుగా గడ్డి వేసుకొని పోయే లారీ, కూలిన చెట్టుకొమ్మ అన్నీ శత్రువులే. ఇంత పొడవు తీగను మనుష్యులు తిరిగి చూడడం అసాధ్యం. పలకరింపుల మీదనే ఆధారపడాలి.

ఇచ్చట మా పెద్దనాయన గారు వేసిన మరొక ప్రశ్న గుర్తుకు వస్తున్నది. “పలకనోని కాడికి మనిషిని పంపుతారు, బాగనే ఉంది. మీరు అడగనే అడగని పెట్టెలు ఉండవా? వాటి కాడికి ఎవరు పోతారు?” అన్నారు ఆయన. ఉన్నాయి. చాలా ఉన్నాయి. బజారులో కొద్ది ధరకు దొరికే స్విచ్చులలో ఏజెంటు ఉండదు. అవి మూగవి. తీగ తగిలిస్తే పని చేస్తాయి. ఎట్లున్నావని అడిగితే పలుకలేవు, చెడిపోతే చెప్పలేవు. పట్టణంలోని పెద్ద సంస్థలో ప్రతి అంతస్తులోను పలికే స్విచ్చు ఉంటుంది. దూరం పోయినకొద్దీ, డబ్బు తగ్గినకొద్దీ, పలికేవి తగ్గి మూగవి పెరుగుతాయి. చివరి పల్లెలో, చివరి వీధిలో, చివరి స్తంభానికి కట్టిన డబ్బాలో ఉండేది తరచుగా మూగదే. కేంద్రంలోని గోడమీద దేదీప్యమానంగా వెలిగే పటంలో ఆ పెట్టెకు చోటు లేదు. పటమంతా పచ్చగా ఉన్నది, నూటికి నూరు పాళ్లు క్షేమమని నివేదిక పైకి పోతుంది. అడిగినవారిలో నూటికి నూరు పాళ్లు అని చదువుకోవాలి దానిని. పటంలో లేనివానికి ఎర్ర దీపం కూడా వెలగదు.

నీళ్ల పంపకంలోనూ ఇదే జరిగేది. తూము ప్రక్కవానికి అడగకుండానే పారుతుంది. చివరి మడివాడు పొద్దు వాలేవరకు గట్టు మీద నిలబడాలి. మంచి నీరుగంటి అన్న పేరు చివరి మడికి నీరు చేర్చినవానికే వచ్చేది. నెట్‌వర్కు నిర్వాహకునికి కూడా అదే కొలబద్ద కావాలని మా అభిప్రాయం. డబ్బు ఉన్నంతలో, పలికే స్విచ్చును మొదట ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే, ఇంజనీరు నడిచి పోగలిగినచోట మూగదాన్ని ఉంచి, పోలేనంత దూరాన పలికేదాన్ని ఉంచడం న్యాయం. వాడుకలో దీనికి వ్యతిరేకంగా జరుగుతున్నది.

పలికే స్విచ్చు చెప్పేది కూడా సంపూర్ణ సత్యం కాదు. ద్వారం తెరిచి ఉన్నదని అది చెబుతుంది; ఆ ద్వారం గుండా పోయినవాని పని నెరవేరిందో లేదో దానికి తెలియదు. దూరాననున్న సర్వరు నిద్రపోతున్నా ఇక్కడి స్విచ్చు దీపం పచ్చగానే ఉంటుంది. జ్వరమానిలో వేడి లేదు గనుక రోగి ఆకలిగా లేడని అనడం ఎటువంటిదో, స్విచ్చు పలికింది గనుక ప్రజలకు సేవ అందుతున్నదని అనడం అటువంటిది. బల్ల దగ్గర ఎంతమంది నిలబడి ఉన్నారో చెప్పే అంకె ఏ మిబ్‌లోనూ లేదు. దాని కొరకు మనిషి మనిషిని అడగవలసిందే.

క్షేమం అడిగేవాడు నమ్మదగినవాడై ఉండడం కూడా అవసరం. ఎస్.ఎన్.ఎం.పి. తొలి రూపాలలో రహస్యపదం దాపరికం లేకుండా తీగవెంట పోతుంది. పైగా అనేక యంత్రాలు చదవడానికి “పబ్లిక్”, మార్చడానికి “ప్రైవేట్” అన్న మాటలతోనే కర్మాగారం నుండి వచ్చేవి. ఇంటికి తాళం వేసి తాళంచెవి తలుపుకే వ్రేలాడదీసినట్టు! మార్చు అనే క్రియ చేతికి చిక్కితే దుష్టుడు ద్వారాలను మూసివేయగలడు. 2002 ఫిబ్రవరిలో ఫిన్లండులోని ఔలు విశ్వవిద్యాలయంవారి పరీక్షల వలన, అనేక కంపెనీల యంత్రాలు వికృతమైన ప్రశ్న పంపితే తట్టుకోలేవని వెల్లడి కాగా లోకమంతా హెచ్చరికలు పోయినాయి. అదే సంవత్సరం డిసెంబరులో, అడిగేవాడెవడో నిర్ధారించి, మాటను గూఢలిపిలో పంపే మూడవ రూపం పూర్తి ప్రమాణంగా నిలిచింది. నేడు క్రొత్తగా ఏర్పాటు చేసేవారు ఆ మూడవ రూపాన్నే వాడాలి. మార్చే అధికారాన్ని అవసరం లేనిచోట తీసివేయాలి. స్విచ్చులే తమ సమాచారాన్ని క్షణక్షణం ధారగా పంపే క్రొత్త పద్ధతులు పెద్ద నెట్‌వర్కులలోకి వచ్చినాయి. చిన్నవారికి, పాత యంత్రాలకు మాత్రం ఈ పాత పలకరింపే ఇంకా ఆధారం.

విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. ఈ విద్యకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మూలన పడిన పాత కంప్యూటరు ఒకటి, లినక్సు, నెట్ ఎస్.ఎన్.ఎం.పి., జాబిక్స్, లిబ్రె ఎన్.ఎం.ఎస్. వంటి ఉచిత సాధనాలలో ఏదో ఒకటి, నెల రోజుల ఓపిక చాలు. అధికారుల అనుమతితో కళాశాలలోని స్విచ్చులనే మొదట అడగడం నేర్చుకొనవచ్చు. పరీక్షల దరఖాస్తుల వారంలో ఏ ద్వారం కిక్కిరిసింది, కరెంటు పోయినప్పుడు ఏది ముందుగా ఆగింది, ఏ తీగలో చెడిన మూటలు పెరుగుతున్నాయి అని ఒక పుస్తకంలో వ్రాసుకొంటే, పాఠ్యపుస్తకం చెప్పని పాఠం అదే చెబుతుంది. 2008లో స్థాపించిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మా మండలానికి పొరుగున వేంపల్లె మండలంలోనే ఉన్నది. అటువంటి విద్యాలయాలలోను, మన కళాశాలలోను చదివే పల్లె పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ ఊరి సేవాకేంద్రంలో, పాఠశాలలో ఉన్న పెట్టె పలికేదో మూగదో విచారించి, దాని పేరు ఎవరి జాబితాలోనైనా ఉన్నదా అని అడిగితే, అది చిన్న సేవ కాదు.

చెరువులకు నీరుగంట్లు ఉన్న కాలం పోయింది. తీగలకు నీరుగంట్లు కావలసిన కాలం వచ్చింది. ఆ పనికి మన పల్లెల నుండియే యువకులు, యువతులు ముందుకు రావాలని, చక్రాయపేట కొండల నడుమనున్న చివరి పల్లె పేరు కూడా క్షేమం అడిగే జాబితాలో చేరాలని మనసారా కోరుకుంటున్నాము.